నల్లా నీళ్లు, బోరు నీళ్లు, మా ఇంటి చేపలు

పోయిన నెల ఒకరోజు మధ్యాహ్నం, మా ఆఫీసులో నా పక్క సీట్లో కూర్చునే తమ్ముడు టిఫిన్ డబ్బా విప్పుతూ అడిగాడు. "అన్నా, మా పాపకు అక్వేరియం కొందామనుకుంటున్న. ఏ చేపలు ఏ చేపలతోని కలుస్తయో జర చెప్పన్నా." ఫోన్లో ఒక ఫోటో చూపించాడు. హన్మకొండలో ఏదో షాపుకి పోయి పాప వేలు పెట్టి చూపించినవన్నీ ఒక కాగితం మీద రాయించుకుని వచ్చాడు. నియాన్ టెట్రాలు ఒక జత, ఏంజెల్స్ ఒక జత, గోల్డ్‌ఫిష్ ఒక జత, ఒక ఫైటర్, గ్లాసు శుభ్రం చేయడానికి ఒక సక్కర్, పాపకు అన్నిటికన్నా ఎక్కువ నచ్చిన "షార్క్" ఒకటి. ఇవన్నీ రెండడుగుల ట్యాంకులో. పుట్టినరోజు వచ్చే ఆదివారం.

నేను చేపల పేర్లు పక్కన పెట్టి ముందు ఒకటే అడిగాను. "మీ ఇంట్ల నీళ్లు నల్లాయా, బోరుయా?"

"రెండూ ఉన్నయన్నా. నల్లా కొంచెం సేపే వస్తది, మిగతాదంత బోరే."

"పప్పు ఏ నీళ్లతోని వండుతరు?"

"నల్లా నీళ్లే. బోరు నీళ్లల్ల పప్పు ఉడకదని అమ్మ బిందెల విడిగ పట్టి పెడ్తది."

చేపలు ఎంచుకోవడం అక్కడే మొదలవుతుంది, ఆ బిందె దగ్గర. పప్పు ఎందుకు ఉడకదో, గీజర్ లోపల తెల్లటి పొర ఎందుకు పేరుకుంటుందో, తలస్నానానికి సబ్బు ఎంత రుద్దినా నురగ ఎందుకు రాదో, నియాన్ టెట్రా ఎందుకు బాగుండదో అన్నిటికీ కారణం ఒకటే. ఆ నీళ్లలో కాల్షియం, మెగ్నీషియం ఎక్కువ, ఇలాంటివాటినే గట్టి నీళ్లు అంటారు, ఆ గుణమే కాఠిన్యం. మన వరంగల్ చుట్టుపక్కల నేలంతా గ్రానైట్ రాయి, బోరు ఎంత లోతుకి వేస్తే నీళ్లు అంత ఎక్కువ కాలం ఆ రాతి పగుళ్లలో నిలిచి రాయిలోని ఖనిజాలను కరిగించుకుని పైకి వస్తాయి. షాపులో "ఇవి కలిసి ఉంటాయా" అని అడిగితే చేపకీ చేపకీ మధ్య గొడవ గురించే చెప్తారు. చేపకీ మన నీళ్లకీ కలుస్తుందా అని ఎవరూ అడగరు, ఎవరూ చెప్పరు. నాకు కూడా ఎవరూ చెప్పలేదు. నేను దాన్ని తొమ్మిది చేపలు పోయాక నేర్చుకున్నాను.

మూడేళ్ల కింద మేము నక్కలగుట్టలో కిరాయికి ఉండేవాళ్లం. ఆ ఇంటి సంపులోకి ఎక్కువగా నల్లా నీళ్లే వచ్చేవి. నల్లాలో వచ్చేవి రిజర్వాయర్లలో నిలిచిన నీళ్లు, శుద్ధి చేసి వదిలేవి, బోరు నీళ్లంత గట్టిగా ఉండవు. అప్పుడు నా ట్యాంకులో పన్నెండు నియాన్ టెట్రాలు, నాలుగు నల్ల మోలీలు ఉండేవి. నియాన్లు ఎంత బాగుండేవంటే, సాయంత్రం లైటు వేయగానే మొక్కల వెనక నుంచి పన్నెండూ ఒకే తాడుకి కట్టినట్టు బయటికి వచ్చి, ఒంటి మీద ఆ నీలం గీత మెరుస్తూ ట్యాంకు పొడుగునా ఒకసారి తిరిగి వచ్చేవి. మా ఆవిడ వంటింట్లో పని ఆపి వచ్చి చూసేది. మోలీలకే ఎప్పుడూ ఏదో ఒక బాధ. ఉన్నచోటే ఉండి ఒళ్లు అటూ ఇటూ ఊపేవి, ముందుకి పోవు, వెనక్కి పోవు, రెక్కలన్నీ ముడుచుకుని జ్వరం వచ్చిన పిల్లలు వణికినట్టు వణికేవి. జబ్బేమో అనుకుని మందులు వేశాను. నీళ్లు మార్చాను. ఏమీ లాభం లేకపోయింది.

తర్వాత ఊరికి ఇంకో వైపు అపార్ట్‌మెంట్‌కి మారాం. అక్కడ పూర్తిగా బోరు. మారేటప్పుడు నాకు తెలిసిన జాగ్రత్తలన్నీ తీసుకున్నాను. చేపల్ని పాత నీళ్లతోనే కవర్లలో పెట్టాను, ఫిల్టర్ స్పాంజీ ఆరిపోకుండా బకెట్లో పాత నీళ్లలో ముంచి తెచ్చాను, రెండు క్యాన్లలో పాత నీళ్లు కూడా పట్టుకొచ్చాను, మిగతా ట్యాంకు కొత్త ఇంటి నీళ్లతో నింపాను. మొదటి రెండు రోజులు ఏమీ కాలేదు. మూడో రోజు పొద్దున ఒక నియాన్ ఫిల్టర్ గొట్టానికి అతుక్కుని కనిపించింది, ఎరుపు పూర్తిగా పోయి ఒళ్లు పాలిపోయి ఉంది. మర్నాడు రెండు. చేపల మలినాల నుంచి నీళ్లలో చేరే విషాలు అమ్మోనియా, నైట్రైట్. టెస్ట్ చేస్తే రెండూ సున్నా. ఏ మచ్చా లేదు, ఏ పుండూ లేదు. పన్నెండు రోజుల్లో తొమ్మిది పోయాయి, మిగిలిన మూడింటినీ నల్లా నీళ్లు వాడే ఒక స్నేహితుడి ట్యాంకులోకి, ఈసారి చాలా నెమ్మదిగా, మూడు గంటల పాటు చుక్క చుక్కగా ఆ నీళ్లకి అలవాటు చేసి పంపించాను.

అదే పన్నెండు రోజుల్లో మోలీలు బాగుపడ్డాయి! నాలుగో రోజుకల్లా ఊగడం ఆగిపోయింది. రెండు వారాలకి పెద్ద మోలీ వెన్ను మీద రెక్క మొత్తం విప్పి తిరగడం మొదలుపెట్టింది. ఆ రెక్క అంత వెడల్పు ఉంటుందని నాకు అప్పటిదాకా తెలియదు. కొత్తగా నూనె రాసిన ఇనుప పెనం లాగా నలుపు నిగనిగలాడింది. ఒకే గాజు పెట్టె, ఒకే ఫిల్టరు, ఒకే తిండి, మారింది నీళ్లు ఒక్కటే. ఒక చేపకు ప్రాణం పోసిన నీళ్లే ఇంకో చేప ప్రాణం తీశాయి.

అప్పుడు పెన్నులా ఉండే టీడీఎస్ మీటరు కొన్నాను. కొత్త ఇంటి బోరు ఏడు వందలు దాటి చూపించింది, పాత ఇంటి నుంచి ఒక సీసాలో పట్టుకొచ్చిన నీళ్లు రెండు వందల పైచిలుకు. టీడీఎస్ అంటే నీళ్లలో కరిగినవన్నీ కలిపిన లెక్క, అచ్చంగా కాఠిన్యం కాదు, కాఠిన్యం తెలియాలంటే దానికి వేరే చుక్కల కిట్ ఉంటుంది, కానీ ఇంత తేడా ఉంటే ఆ పెన్ను ఒక్కటి చాలు విషయం అర్థం కావడానికి. నియాన్ టెట్రా సొంత ఊరు అమెజాన్ అడవుల్లోని వాగులు. అక్కడ నీళ్లు దాదాపు వాన నీళ్లే, రాలిన ఆకులు నాని టీ డికాషన్ రంగులో ఉంటాయి, పీహెచ్ 7 కన్నా బాగా తక్కువ, అంటే ఆమ్ల గుణం ఉన్నవి. మోలీలు మెక్సికో, మధ్య అమెరికా చేపలు, సముద్రం ఒడ్డున ఉప్పు కలిసిన నీళ్లలో కూడా ఉంటాయి. ప్లాటీ, స్వోర్డ్‌టెయిల్ కూడా ఆ ప్రాంతానివే. గప్పీలు ట్రినిడాడ్, వెనిజులా వైపువి. ఈ నాలుగూ గట్టి నీళ్లను ఇష్టపడేవి, అంటే మన బోరు నీళ్లు వాటికి పుట్టిల్లు లాంటివి.

షాపుల్లో దొరికే నియాన్లు ఫారాల్లో పుట్టినవే కాబట్టి కొంచెం గట్టి నీళ్లను కూడా తట్టుకుంటాయని కొందరంటారు. అది నిజమే, నెమ్మదిగా అలవాటు చేస్తే తట్టుకుంటాయి. నేను ఒక్కరోజులో మార్చేశాను, ఆ తప్పు నాదే. కానీ తట్టుకోవడం వేరు, బాగుండటం వేరు. నక్కలగుట్టలో మా మోలీలు కూడా ఏడాది పాటు తట్టుకున్నాయి మరి.

ఆర్వో నీళ్లు కలుపుకోవచ్చు కదా అంటారు. కలుపుకోవచ్చు, సగం ఆర్వో సగం బోరు కలిపి నియాన్లు, కార్డినల్స్, రమ్మీనోస్‌లు లాంటి టెట్రా చేపల్ని చక్కగా పెంచేవాళ్లు ఉన్నారు. కానీ ఒకసారి మొదలుపెడితే వారం వారం అదే పాళ్లలో కలపాలి, ఊరికి పోయినప్పుడు పక్కింటివాళ్లతో కూడా కలిపించాలి, ఎండాకాలంలో ఇంట్లో తాగడానికే నీళ్లు సరిపోని రోజున కూడా కలపాలి. మొదటిసారి పెంచేవాళ్లకి నేను ఆ దారి చెప్పను. ఇంట్లో ఏ నీళ్లు ఏడాది పొడుగునా వస్తాయో ఆ నీళ్లకి తగిన చేపల్ని తెచ్చుకోండి, సగం కష్టం అక్కడే తీరిపోతుంది. నల్లా నీళ్లయితే మాత్రం క్లోరిన్ ఉంటుంది కాబట్టి యాంటీ క్లోరిన్ చుక్కలు వేయాల్సిందే, ఎన్ని రోజులు పెంచినా ఇది మర్చిపోకూడదు.

ఇంకో చిన్న విషయం. అడుగున వేసే తెల్ల రాళ్ల మీద ఒక నిమ్మకాయ పిండి చూడండి. బుడబుడమని చిన్న బుడగలు వస్తే అది పాలరాయో, సున్నపు రాయో, అది నీళ్లను ఇంకా గట్టిగా చేస్తుంది. నల్లా నీళ్లతో నియాన్లు పెట్టుకునేవాళ్లు ఆ రాళ్లు వేసుకోవద్దు. మోలీలకైతే ఇబ్బంది లేదు.

నీళ్ల తర్వాత చూడాల్సింది నోరు. చేపకు తోటి చేప అన్న లెక్క ఉండదు, నోట్లో పడితే తిండి, పట్టకపోతే పొరుగు. ఇది నాకు బాగా తెలిసింది ఇంకో రెండేళ్ల కింద. ఆ ఏడు వానలు బాగా పడి మా అక్కవాళ్ల ఊరి చెరువు మత్తడి దుంకింది, ఊరంతా మత్తడి దగ్గరే ఉంది, మా మేనల్లుడు ఒక ప్లాస్టిక్ సీసాలో చిన్న చిన్న ఎర్ర చేపల్ని పట్టి మా ఇంటికి తెచ్చాడు. "మామా, చూడు ఎంత ముద్దుగున్నయో, నీ డబ్బాల ఏద్దాం." నిజంగా ముద్దుగా ఉన్నాయి. అగ్గిపుల్ల అంత పొడుగు కూడా లేవు, ముదురు నారింజ రంగు, ఒంటి మీద పొడుగ్గా ఒక చార. నాకు అవి ఏమిటో తెలియదు. పిల్లాడి మొహం చూసి కాదనలేక ఐదింటిని గప్పీల ట్యాంకులో వేశాను.

మొదట కొన్ని రోజులు బాగానే ఉన్నాయి. ఒక్క విషయం మాత్రం వింతగా అనిపించింది. కాసేపటికోసారి నీటి పైకి వచ్చి గుక్కెడు గాలి మింగి మళ్లీ కిందికి పోయేవి. తర్వాత ఎరుపు తగ్గుతూ వచ్చింది, గోధుమ రంగులోకి మారాయి. గప్పీ పిల్లలు కనిపించడం మానేశాయి. తర్వాత మగ గప్పీలు ఒక్కొక్కటీ తగ్గడం మొదలైంది, ఎక్కడా చచ్చిన చేప దొరకదు, లెక్క మాత్రం తక్కువ వస్తుంది. దసరాకి మా బాపు ఊరి నుంచి వచ్చాడు. సోఫాలో కూర్చుని రెండు నిమిషాలు ట్యాంకు వైపు చూసి లేచి దగ్గరికి పోయి వంగాడు.

"ఇవెక్కడియిరా? కొర్రమట్ట పిల్లలు గదా ఇవి."

మన రాష్ట్ర చేప కొర్రమీను, 2016లో ప్రకటించారు, దాన్నే మా దిక్కు కొర్రమట్ట అంటాం. చిన్నప్పుడు పులుసులో ఎన్నిసార్లు తిన్నానో లెక్క లేదు, కానీ దాని పిల్ల ఎర్రగా ఉంటుందని నాకు తెలియదు. బాపు చెప్పాడు, పిల్లలు చిన్నగా ఉన్నప్పుడు ఎర్రటి గుంపుగా నీటి పైన తిరుగుతాయట, కిందనే తల్లీ తండ్రీ కాపలా ఉంటాయట, గుంపు మీద చెయ్యి పెడితే పెద్ద చేప వచ్చి కొడుతుందట. గాలి మింగడం దాని అలవాటు, అందుకే నీళ్లు తగ్గిన బురదలో కూడా బతుకుతుంది. మాంసం తప్ప వేరే తిండి ఎరగని చేపను గప్పీల మధ్య వేశాను. దాని తప్పు ఏమీ లేదు, అది దాని పని చేసింది. అప్పటికి వేలంత అయిన ఆ ఐదింటినీ కొర్రమీను సాగు చేసే మా చుట్టాలాయన కుంటలో వేసి వచ్చాం. నా పద్నాలుగు గప్పీల్లో మిగిలినవి మూడు, మూడూ పెద్ద ఆడవే.

చెరువు చేప అనే కాదు, షాపు చేపతో కూడా ఇదే. ఏంజెల్ ఫిష్ షాపులో రూపాయి బిళ్లంత ఉంటుంది. ఏడాదికి మొత్తం రెక్కలతో కలిపి అరచేతికి మించి పెరుగుతుంది, అప్పుడు నియాన్ దాని నోట్లో సులువుగా పడుతుంది. అమెజాన్‌లో కూడా చిన్న చిన్న టెట్రాలు దాని ఆహారమే. తమ్ముడి కాగితంలో ఆ రెండూ పక్కపక్కనే ఉన్నాయి! కాబట్టి షాపులో చేపను చూసినప్పుడు ఇప్పుడు ఎంత ఉందో కాదు, పెద్దయ్యాక ఎంత అవుతుందో అడగండి.

పాప అడిగిన "షార్క్" గురించి కూడా చెప్పాలి. వెండి రంగులో, వీపు మీద నిక్కిన రెక్కతో, అటూ ఇటూ పరుగులు పెట్టే ఆ చేప షార్క్ కాదు, సముద్రం చేప కూడా కాదు. అది పంగస్. మన చేపల మార్కెట్లో ఆదివారం పూట ముక్కలు కొట్టి అమ్ముతారే, ముల్లు తక్కువని చాలామంది కొంటారే, అదే. మీటరు దాటి పెరిగే చేప. అగ్గిపెట్టెంత పిల్లని రెండడుగుల ట్యాంకులో వేస్తే అది పెరుగుతూ పెరుగుతూ గాజుకి ముక్కు కొట్టుకుని, బెదిరి, మూలకి దూరి బతుకుతుంది. తమ్ముడికి ఈ మాట చెప్తే అతను నమ్మలేదు. ఇద్దరం కలిసి మార్కెట్‌కి పోయాం, అక్కడ ఐస్ మీద పెట్టిన రెండు కిలోల పంగస్‌ని చూపించాను. అదే వీపు రెక్క, అదే మీసాలు. అతను చాలాసేపు చూసి, ఫోటో తీసుకున్నాడు. పాపకి చూపించడానికట.

సక్కర్ కూడా అంతే. గ్లాసు శుభ్రం చేస్తుందని ప్రతి ట్యాంకులో ఒకటి అంటగడతారు. ఇది అడుగు దాటి పెరుగుతుంది, తిన్నంతా విసర్జిస్తుంది, పెద్దయ్యాక గ్లాసు మీద నాచు మీద దానికి ఆసక్తి తగ్గిపోతుంది, రాత్రిపూట గోల్డ్‌ఫిష్, ఏంజెల్ లాంటి నెమ్మది చేపల ఒంటికి అతుక్కుని జిగురు గీకి తింటుంది. ఇంకా పెద్ద నష్టం ఏమిటంటే, పెరిగాక ఏం చేయాలో తెలియక దాన్ని తీసుకుపోయి చెరువులో వదులుతారు. మన రెండు రాష్ట్రాల్లో జాలర్లు దెయ్యం చేప అంటూ తలపట్టుకునేది దీన్నే. గట్టి ముళ్లతో వలలు చిరిగిపోతాయి, కొనేవాళ్లుండరు, మిగతా చేపల తిండి తినేస్తుంది. ఇంట్లో పెంచలేని చేపను దయచేసి భద్రకాళి చెరువులోనో, ఊరి కుంటలోనో వదలకండి. షాపుకి తిరిగి ఇవ్వండి, పెద్ద ట్యాంకు ఉన్నవాళ్లకి ఇవ్వండి. పాపం తగలకూడదని వదిలేస్తున్నాం అంటారు కొందరు, కానీ ఆ పాపం మొత్తం చెరువుకి తగులుతుంది.

గోల్డ్‌ఫిష్ సంగతి వేరు. అది చల్లటి నీళ్ల చేప, 20 డిగ్రీల దగ్గర హాయిగా ఉంటుంది. ఏంజెల్స్‌కి, గౌరమీలకి 26, 27 కావాలి. ఈ రెండు రకాల్నీ ఒకే ట్యాంకులో పెడితే ఎవరో ఒకరు ఎప్పుడూ ఇబ్బంది పడుతూనే ఉంటారు. పైగా మన ఊళ్లో మే నెలలో బయట 44 దాటుతుంది, ఇంట్లో ట్యాంకు నీళ్లు 33కి వస్తాయి. నీళ్లు వేడెక్కితే అందులో ఆక్సిజన్ తగ్గుతుంది, చేపకి మాత్రం అప్పుడే ఎక్కువ కావాలి. గోల్డ్‌ఫిష్ ఆ నెలంతా పైకొచ్చి నోరు తెరుస్తూ ఉంటుంది, చూడలేం. నేను ఎండాకాలం ట్యాంకు మూత తీసి నీళ్ల మీదుగా గాలి తగిలేలా చిన్న ఫ్యాన్ పెడతాను, ఆవిరవుతూ రెండు మూడు డిగ్రీలు తగ్గుతుంది, తగ్గిన నీళ్లు రోజూ పోస్తాను. కరెంటు పోయినప్పటి కోసం బ్యాటరీతో నడిచే గాలి పంపు ఒకటి కొని పెట్టుకున్నాను. హనీ గౌరమీ లాంటివి నీటి పైకొచ్చి గాలి పీల్చుకోగలవు కాబట్టి ఆ రోజుల్లో వాటి గురించి కొంచెం టెన్షన్ తక్కువ. అది మన దేశపు చేపే, ఈశాన్య రాష్ట్రాలది, చాలా శాంతంగా ఉంటుంది.

ఇక గుణం. టైగర్ బార్బ్‌లు అందంగా ఉంటాయి, పసుపు ఒంటి మీద నల్ల చారలు. రెండు మూడు తెచ్చి గప్పీల మధ్య వేస్తే మాత్రం వారం తిరిగేసరికి గప్పీ తోకలు ఎలుక కొరికిన చీర కొంగులా ఉంటాయి. ఆ కొరికిన చోటే తర్వాత కుళ్లు పడుతుంది. అవే టైగర్ బార్బ్‌లు ఎనిమిది పది ఉంటే ఒకదాన్నొకటి తరుముకుంటూ వాటి గొడవలో అవే ఉంటాయి, పొడుగు తోక లేని చురుకైన చేపలు పక్కన ఉంటే పెద్దగా పట్టించుకోవు. ఫైటర్‌కి గప్పీ రంగుల తోక చూస్తే ఇంకో ఫైటర్ అనిపిస్తుంది, మీద పడుతుంది. ఇంకో జాగ్రత్త, దోమల కోసం మున్సిపాలిటీలు కుంటల్లో వదిలే గంబూసియాను గప్పీ అనుకుని తెచ్చుకునేవాళ్లున్నారు. బూడిద రంగులో చూడటానికి ఆడ గప్పీ లాగే ఉంటుంది, కానీ తన కన్నా పెద్ద చేప రెక్కలు కూడా కొరుకుతుంది.

జతల గురించి. మన దగ్గర ఏది కొన్నా జోడీగా కొనడం అలవాటు, ఒంటరిగా ఉంటే దానికి మనసెట్లుంటది అని. ఆ ఆలోచన మంచిదే, కానీ టెట్రాకి, డానియోకి, బార్బ్‌కి, అడుగున తిరిగే కోరీకి ఇద్దరంటే కూడా ఒంటరితనమే. అవి గుంపు చేపలు, చుట్టూ తనవాళ్లు కనిపిస్తేనే ధైర్యంగా ఉంటాయి. కనీసం ఆరు. రెండే ఉంటే మొక్క వెనకే ఉంటాయి, రంగు రాదు, తిండికి భయపడుతూ వస్తాయి. అందుకే చిన్న ట్యాంకులో ఆరు రకాలు రెండేసి కన్నా, రెండు రకాలు ఎక్కువ సంఖ్యలో పెట్టడం మంచిదని నా గట్టి అభిప్రాయం. చూడటానికి కూడా అదే అందం.

గప్పీ, ప్లాటీ, మోలీలకి మాత్రం జత అంటే వేరే చిక్కు. ఒక మగ ఒక ఆడ పెడితే మగది పొద్దస్తమానం వెంటపడి ఆడదాన్ని తిననివ్వదు, అందుకే ఒక మగకి రెండు మూడు ఆడవి ఉండాలి. నెలకోసారి ఇరవై ముప్పై పిల్లలు. పైగా ఆడది ఒకసారి కలిస్తే నెలల తరబడి పిల్లలు పెడుతూనే ఉంటుంది, మగది లేకపోయినా. నా దగ్గర మిగిలిన మూడు ఆడ గప్పీలు అట్లాగే మళ్లీ ట్యాంకు నింపాయి. పిల్లలు వద్దనుకుంటే అన్నీ మగవే తెచ్చుకోవచ్చు. గుర్తుపట్టడం సులువు. పొట్ట కింద వెనక వైపు ఉండే రెక్క సూదిలా సన్నగా ఉంటే మగ, విసనకర్రలా విచ్చుకుని ఉంటే ఆడ. తమ్ముడి పాపకి మా ట్యాంకు ముందు కూర్చోబెట్టి ఇది నేర్పాను. ఎనిమిదేళ్లు ఉంటాయేమో, పది నిమిషాల్లో నాకన్నా వేగంగా చెప్పడం మొదలుపెట్టింది. "పెదనాన్నా, గిది మగది. గిది ఆడది. గిది కూడ ఆడదే, పొట్టల పిల్లలున్నయి."

అంతా విన్నాక తమ్ముడు, మరి నేనేం వేయాలి చెప్పన్నా అన్నాడు. రెండడుగుల పొడుగు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు ట్యాంకంటే నిండా నింపితే 56 లీటర్లు, రాళ్లు మొక్కలు పోను నలభై ఐదు అనుకోండి. వాళ్లింట్లో ఎప్పుడూ ఉండేవి బోరు నీళ్లు. కాబట్టి జీబ్రా డానియోలు ఏడు, ఇవి కూడా మన దేశపు చేపలే, గట్టి నీళ్లకీ మన చలికాలానికీ తట్టుకుంటాయి, పైభాగంలో తిరుగుతాయి. మధ్యలో మగ ప్లాటీలు నాలుగు, ఎరుపు రెండు పసుపు రెండు, ఆ రంగులు పాప ఇష్టం. రెండు నెలలు బాగా నడిస్తే అడుగున బ్రాంజ్ కోరీలు ఆరు, వాటి కోసం గరుకు రాళ్లు కాకుండా మెత్తటి ఇసుక, లేకపోతే మీసాలు అరిగిపోతాయి. డానియోలు తిండి మీద మెరుపులా పడతాయి, కోరీలకి ఏమీ మిగలదు, అందుకే లైటు తీశాక అడుగుకి మునిగే గోలీ తిండి వేరుగా వేయాలి. ఇంతే. షాపు కాగితంలో ఉన్నవేవీ ఇందులో లేవు, అతను కొంచెం నిరాశపడ్డాడని నాకు తెలుసు.

ఇంకా కష్టమైన మాట పుట్టినరోజు గురించి. ట్యాంకు, చేపలు ఒకేరోజు తేకూడదు. చేప విసర్జించేది అమ్మోనియా అవుతుంది, దాన్ని ఒక రకం బ్యాక్టీరియా నైట్రైట్ చేస్తుంది, దాన్ని ఇంకో రకం నైట్రేట్ చేస్తుంది, మొదటి రెండూ చేపకు విషం. ఆ బ్యాక్టీరియా ఫిల్టర్‌లో పెరగడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. కొత్త ట్యాంకులో మొదటి వారం చేపలు చచ్చిపోవడానికి ఎక్కువసార్లు కారణం ఇదే, కొన్నవాళ్లు మాత్రం షాపువాడు జబ్బు చేపలిచ్చాడని అనుకుంటారు. కాబట్టి పుట్టినరోజుకి ఖాళీ ట్యాంకు, ఇసుక, మొక్కలు మాత్రమే ఇచ్చాం. రోజూ చిటికెడు చేపల తిండి వేయమన్నాను, అది కుళ్లి అమ్మోనియా ఇస్తుంది, బ్యాక్టీరియాకి అదే ఆహారం. నా ఫిల్టర్ స్పాంజీలో ఒక ముక్క కోసి వాళ్ల ఫిల్టర్‌లో పెట్టాను, దానివల్ల కొంచెం తొందరగా అవుతుందని.

చేపలు లేని అక్వేరియం చూసి పాప ఏడుస్తుందేమో అని భయపడ్డాను. ఏడవలేదు. టెస్ట్ కిట్ తనకే ఇచ్చాం. ప్రతి సాయంత్రం స్కూల్ నుంచి వచ్చి గాజు గొట్టంలో నీళ్లు పట్టి, చుక్కలు లెక్కపెట్టి వేసి, ఊపి, ఐదు నిమిషాలు గడియారం చూసి, వాళ్ల నాన్న ఫోన్ నుంచి నాకు ఫోటో పంపుతుంది. నైట్రైట్ పోయిందంటే ఆ నీళ్లు ఆకాశం రంగులో ఉండాలి. మొదటి వారం ఆకాశం రంగే ఉంది, అప్పటికి ఇంకా మొదలే కాలేదు. రెండో వారం ముదురు వంకాయ రంగు. నిన్న సాయంత్రం వచ్చిన ఫోటోలో లేత వంకాయ రంగు ఉంది, కింద ఒక వాయిస్ మెసేజ్. "పెదనాన్నా, ఇయ్యాల కొంచెం నీలం కనవడుతుంది సూడు."

ఇంకో వారం పట్టేలా ఉంది.